ఫ్రెష్ బ్లడ్ కావాలండీ: బ్యాగు మీద తేదీ చెప్పేదెంత

బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర రోజూ వినబడే మాట ఒకటుంది. "కొత్తది ఇవ్వండి సార్, పాతది వద్దు." అడిగేవాళ్లని తప్పుపట్టడానికి లేదు, లోపల మంచం మీద ఉన్నది వాళ్ల తల్లో బిడ్డో. బ్యాగు మీద రక్తం తీసిన తేదీ, గడువు తేదీ రెండూ అచ్చేసి ఉంటాయి కాబట్టి కళ్లు తిన్నగా వాటి మీదికే పోతాయి, పాతిక రోజుల క్రితం తీసిన రక్తం అని చూడగానే మొహం మారిపోతుంది. నేను పని చేసేది కాంపొనెంట్ ల్యాబ్‌లో, అంటే దాతల దగ్గర తీసిన రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడగొట్టే చోట. "గడువులోనే ఉందండీ, ఏం కాదు" అని కిటికీ దగ్గర చెప్పే జవాబు అబద్ధం కాదు గానీ అది సగం జవాబే. ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ ఆ కణాలకి ఏమీ అవ్వట్లేదా అంటే, చాలానే అవుతోంది. మరి అలాంటిది ఎక్కిస్తే మనిషికి తేడా చేస్తుందా అంటే, వేలమంది రోగుల మీద చూశాక కూడా తేడా దొరకలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నది కిటికీ దగ్గర రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ కణం సంగతి. ఎర్రకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు, దెబ్బతిన్న భాగాన్ని మార్చుకోలేదు. మజ్జలోంచి బయటికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న సామగ్రితోనే దాదాపు 120 రోజులు బతకాలి. శక్తి కోసం దానికున్న దారి ఒక్కటే, గ్లూకోజ్‌ని ఆక్సిజన్ అవసరం లేకుండా విరగ్గొట్టి, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ తయారు చేసుకోవడం, ఆ పనిలో చివరికి మిగిలేది లాక్టిక్ ఆమ్లం. ఒంట్లో అయితే ఆ ఆమ్లాన్ని రక్తప్రవాహం ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది, కాలేయం చూసుకుంటుంది. బ్యాగులో పట్టుకుపోయేవాళ్లెవరూ లేరు. అక్కడే పేరుకుంటుంది.

ఇక్కడో తమాషా ఉంది. చాలామంది అనుకునేది బ్యాగులో చక్కెర అయిపోయి కణాలు ఆకలితో చస్తాయని. నిజానికి గడువు ముగిసే 42వ రోజున కూడా బ్యాగులో గ్లూకోజ్ మిగిలే ఉంటుంది. కానీ ఆమ్లం పెరిగి, మొదట్లో 7కి దగ్గరగా ఉన్న పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) చివరికి 6.5 దాకా పడిపోయేసరికి గ్లూకోజ్‌ని విరగ్గొట్టే ఎంజైములే మందగిస్తాయి. తిండి ఎదురుగా ఉంది, తినే ఓపిక లేదు. అలా ఏటీపీ వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ పోతుంది.

ఏటీపీ కంటే ముందే పడిపోయేది 2,3-డీపీజీ అనే చిన్న అణువు. హిమోగ్లోబిన్ పట్టుకున్న ఆక్సిజన్‌ని కండరాల దగ్గర, మెదడు దగ్గర వదిలిపెట్టేలా చేసేది ఇదే. ఇది తగ్గితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పిసినారిలా పట్టుకు కూర్చుంటుంది. మొదటి వారం ఎలాగో నిలబడుతుంది, రెండు వారాలు దాటేసరికి దాదాపు ఉండదనే చెప్పాలి. ఇది విని "అయితే రెండు వారాలు దాటిన రక్తం దండగే కదా" అనేవాళ్లు ఉన్నారు. కాదు. ఎక్కించాక ఆ కణం మళ్లీ తన 2,3-డీపీజీని తయారు చేసుకుంటుంది, కొన్ని గంటల్లోనే బాగా కోలుకుని రెండు మూడు రోజుల్లో మామూలు స్థాయికి వస్తుంది. నిల్వలో జరిగే నష్టాల్లో కొన్ని ఇలా వెనక్కి తిరిగేవి, కొన్ని తిరగనివి. ఈ తేడా తెలియకుండా ల్యాబ్ అంకెలు చూస్తే భయమే మిగులుతుంది.

పొటాషియం కూడా తిరిగేవాటిలోదే, కానీ దాని కథ వేరు. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ, ఈ తేడాని నిలబెట్టే పంపు ఒకటి కణం పొరలో ఎప్పుడూ నడుస్తుంటుంది. 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఆ పంపు దాదాపు ఆగిపోతుంది. రోజూ కొంచెం కొంచెంగా పొటాషియం బయటికి కారుతుంది, ఆరు వారాలకి బయటి ద్రవంలో లీటరుకి 50 మిల్లీమోల్స్ దాకా చేరొచ్చు. మన ప్లాస్మాలో ఉండాల్సింది 3.5 నుంచి 5. అంకె చూస్తే గుండె జారుతుంది గానీ, ఆ ద్రవం ఒక బ్యాగులో ఉండేది కొద్దిగానే, మొత్తం లెక్క వేస్తే వచ్చే పొటాషియం సుమారు 5 నుంచి 7 మిల్లీమోల్స్. మామూలుగా మూత్రపిండాలు పని చేస్తున్న పెద్ద మనిషికి ఒకటి రెండు బ్యాగులు నిదానంగా ఎక్కిస్తుంటే ఇది లెక్కలోకి రాదు. నెలలు నిండని పసిగుడ్డుకి పెద్ద మోతాదులో, అదీ వేగంగా ఎక్కించేటప్పుడు మాత్రం ఇదే ప్రాణం మీదికి తెస్తుంది, గుండె ఆగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఇక తిరగనివి. ఎర్రకణం అంటే రెండు వైపులా నొక్కిన బిళ్ల ఆకారం, 7-8 మైక్రాన్ల వెడల్పు. తన వెడల్పు కంటే సన్నని కేశనాళికల్లోంచి మడుచుకుని దూరిపోవాలి, ప్లీహంలో ఇంకా సన్నని చీలికల్లోంచి. ఆ మెత్తదనం ఉన్నంతవరకే దానికి బతుకు. నిల్వలో ఆక్సీకరణ వల్ల హిమోగ్లోబిన్ కొంత పాడై పొర లోపలి వైపు అతుక్కుంటుంది, పొరని పట్టి ఉంచే ప్రోటీన్లు దెబ్బతింటాయి, పొర మీద ముళ్లలాంటివి లేస్తాయి, ఆ ముళ్ల కొసలు చిన్న చిన్న బుడగలుగా తెగి పడిపోతాయి. ముళ్లు లేచిన దశ వరకు కణం వెనక్కి రాగలదు. బుడగలు పోయాక పొర తరిగిపోతుంది, లోపలి సరుకు అంతే ఉంటుంది, దాంతో బిళ్ల కాస్తా గుండ్రని బంతి అయిపోతుంది. బంతి మడత పడదు. అలాంటి కణం ఎక్కించిన కొద్ది గంటల్లోనే ప్లీహంలోనో కాలేయంలోనో పట్టుబడి అక్కడి కణాలకి ఆహారమైపోతుంది. కొన్ని అంతదాకా కూడా ఆగకుండా బ్యాగులోనే పగిలిపోతాయి, దాన్నే హిమోలైసిస్ అంటాం.

ఈ మార్పులన్నిటినీ కలిపి స్టోరేజ్ లీజన్, అంటే నిల్వ దెబ్బ అంటారు. పేరు ఏకవచనమే గానీ అది ఒక్క దెబ్బ కాదు.

ఇంతకీ ఈ 42 అన్న అంకె ఎక్కడిది? మొదట్లో అసలు నిల్వే లేదు, రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలపొచ్చని 1914లో బెల్జియంలో ఆల్బర్ట్ హుస్టిన్, అర్జెంటీనాలో లూయిస్ ఆగోటే చూపించారు, 1916లో రౌస్, టర్నర్ దానికి గ్లూకోజ్ చేర్చారు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఆ పద్ధతితోనే యుద్ధభూమికి దగ్గర్లో రక్తం నిల్వ పెట్టి వాడాడు. 1943లో లౌటిట్, మోలిసన్ తెచ్చిన ఏసీడీ ద్రావణంతో 21 రోజులు వచ్చాయి. తర్వాత అడినిన్ చేర్చిన సీపీడీఏ-1తో 35, సెలైన్, అడినిన్, గ్లూకోజ్, మానిటాల్ కలిసిన సాగ్-ఎం లాంటి ద్రావణాలతో 42. అడినిన్ కణానికి ఏటీపీ తయారీకి ముడిసరుకు, మానిటాల్ కణం పగలకుండా కాచేది. ప్రతిసారీ కొత్త ద్రావణాన్ని పరీక్షించిన తీరు ఒక్కటే. ఆరోగ్యవంతుడి రక్తం తీసి నిల్వ పెట్టి, గడువు చివర్లో కొద్దిగా తీసి రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టి, అదే మనిషికి తిరిగి ఎక్కించి, 24 గంటల తర్వాత ఎన్ని కణాలు ఇంకా తిరుగుతున్నాయో లెక్కపెట్టడం. సగటున కనీసం 75 శాతం మిగలాలి. బ్యాగులో పగిలినవి అమెరికాలో 1 శాతం, యూరప్‌లో 0.8 శాతం దాటకూడదు. అంతే.

ఈ పరీక్షని ఒకసారి వెనక నుంచి చదవండి. నాలుగో వంతు కణాలు ఒక్క రోజులో మాయమైపోయినా బ్యాగు పాసైనట్టే. పైగా మిగిలిన మూడు వంతులు ఆక్సిజన్ ఎంత బాగా మోస్తున్నాయని అడిగేదే లేదు, రోగి కోలుకున్నాడా అన్న ప్రశ్న అసలే లేదు. 42వ రోజు అర్ధరాత్రి దాటగానే రక్తం విషమైపోదు, 41వ రోజున అమృతమూ కాదు. పరిపాలన కోసం ఎక్కడో ఒక గీత గీయాలి, గీశారు. నాకు దానితో పేచీ లేదు, కానీ ఆ గీతకి ఉన్నదానికంటే ఎక్కువ అర్థం ఇవ్వడంతోనే పేచీ.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రోజు తీసిన బ్యాగులో ఉన్న కణాలన్నీ ఈ రోజువి కావు. నిన్న మజ్జలోంచి వచ్చినవీ, 119 రోజులు తిరిగి రేపో మాపో పోవాల్సినవీ అన్నీ కలిసే ఉంటాయి. అలా ముసలివైన కణాలు నిల్వ దెబ్బకి ముందుగా పడిపోతాయి. అంటే బ్యాగు వయసు ఒకటి, అందులో కణాల వయసు వేరొకటి, ఎంత తాజా బ్యాగు అయినా దానిలో కొంత ముసలి సరుకు ఉంటుంది.

ఇక నా సొంత ఇలాకాకి వస్తాను. తేదీ గురించి అడిగినంతగా ప్రాసెసింగ్ గురించి ఎవరూ అడగరు, నా దృష్టిలో అడగాల్సింది అదే.

నష్టం ఫ్రిజ్‌లో మొదలవదు, దాత చేతికి సూది గుచ్చిన క్షణం నుంచే మొదలవుతుంది. ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి గడ్డకట్టనివ్వని సిట్రేట్ ద్రావణం 14 మిల్లీలీటర్లు అన్న లెక్కతో బ్యాగు తయారై వస్తుంది, 450 మిల్లీలీటర్ల బ్యాగులో 63, 350 బ్యాగులో 49. దాతకి కళ్లు తిరిగి మధ్యలో ఆపేశామనుకోండి, రక్తం తక్కువ, సిట్రేట్ ఎక్కువ, ఆమ్లం ఎక్కువ, ఆ కణాలు మొదటి రోజు నుంచే ఇబ్బందిలో ఉంటాయి. తీస్తున్నంతసేపూ బ్యాగుని మెల్లగా ఊపుతూ ఉండాలి, లేకపోతే అడుగున చిన్న గడ్డలు. రక్తం సన్నగా, పదిహేను నిమిషాలు దాటి వస్తే అందులోంచి ప్లేట్‌లెట్లు, ప్లాస్మా తీయడం మానేస్తాం.

తర్వాత సెంట్రిఫ్యూజ్, అంటే బ్యాగుని గిర్రున తిప్పి భాగాలు విడగొట్టే యంత్రం. ఒకే బ్యాగులోంచి మూడు వస్తువులు తీయాలి, ముగ్గురికీ మూడు రకాల అభిరుచులు. ప్లేట్‌లెట్లకి 20-24 డిగ్రీల వెచ్చదనం కావాలి, చలి తగిలితే పాడవుతాయి. ఎర్రకణాలకి చలి కావాలి. అందుకని ప్లేట్‌లెట్లు తీయాల్సిన రక్తాన్ని కొన్ని గంటలు గది ఉష్ణోగ్రతలోనే ఉంచుతారు, కొన్ని దేశాల్లో రాత్రంతా కూడా, ఆ గంటల్లో ఎర్రకణాలు తమ 2,3-డీపీజీలో మంచి భాగం పోగొట్టుకుంటాయి. అంటే ఆ ఒక్క రాత్రిలో జరిగింది, తీసిన వెంటనే చల్లబెట్టిన బ్యాగులో రోజుల తరబడి ఫ్రిజ్‌లో జరిగేదానికి సమానం కావచ్చు, లేబుల్ మీద మాత్రం రెండూ ఒకే తేదీ. సెంట్రిఫ్యూజ్ వేగం, బ్రేక్ వేసే తీరు, బ్యాగుని పిండి ప్లాస్మాని పైకి పంపేటప్పుడు పెట్టే ఒత్తిడి, అన్నిటికీ కొన్ని కణాలు బలి. ఇవన్నీ సరిగ్గా నడిచే చోట ఆ నష్టం చాలా తక్కువ, నిర్లక్ష్యంగా నడిచే చోట మొదటి రోజే ప్లాస్మా గులాబీ రంగులోకి తిరిగి కనబడుతుంది.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది తెల్లకణాల వడపోత అని నా నమ్మకం. బ్యాగులో మిగిలిపోయిన తెల్లకణాలు ఫ్రిజ్‌లో కొద్ది రోజుల్లోనే విచ్ఛిన్నమవుతాయి, వాటి లోపలున్న ప్రోటీన్లని కోసే ఎంజైములు, జ్వరం తెప్పించే సైటోకైన్లు ద్రవంలోకి వస్తాయి. ఆ ఎంజైములు పక్కనున్న ఎర్రకణాల పొరని కొరుకుతాయి. నిల్వకి ముందే ఫిల్టర్ చేస్తే ఈ గొడవ ఉండదు. ప్రమాణాల ప్రకారం ఒక యూనిట్‌లో మిగిలే తెల్లకణాలు అమెరికాలో 50 లక్షల లోపు, యూరప్‌లో 10 లక్షల లోపు ఉండాలి, వడపోయని బ్యాగులో ఇవి వందల కోట్లలో ఉంటాయి. వార్డులో ఎక్కించేటప్పుడు పెట్టే బెడ్‌సైడ్ ఫిల్టర్ కూడా తెల్లకణాలని ఆపుతుంది, కానీ అప్పటికే కారిన సైటోకైన్లని ఆపలేదు, చెడిన ఎర్రకణాలని బాగుచేయలేదు. బ్రిటన్, కెనడా 1999లో మొత్తం రక్తానికి ఇది తప్పనిసరి చేశాయి. బ్రిటన్‌లో అసలు కారణం వేరియంట్ సీజేడీ (పిచ్చి ఆవు వ్యాధి మనుషుల్లో కనబడే రూపం) భయం, ఎర్రకణాలకి జరిగిన మేలు పక్కనుంచి వచ్చింది. అన్నట్టు, సికిల్ సెల్ ట్రెయిట్ ఉన్న, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మాత్రం ఒకటి మోస్తున్న దాతల రక్తం చాలాసార్లు ఈ ఫిల్టర్లో ఇరుక్కుపోతుంది, మామూలుగా ఆరోగ్యంగా ఉన్న దాత, తనకి ఆ ట్రెయిట్ ఉందని కూడా తెలియని దాత, ఫిల్టర్ పూడుకుపోవడంతో బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

బ్యాగు ప్లాస్టిక్ సంగతి వింటే ఇంకా విచిత్రంగా ఉంటుంది. పీవీసీ మామూలుగా గట్టిది, మెత్తబడాలని డీఈహెచ్‌పీ అనే పదార్థం కలుపుతారు, బరువులో మూడో వంతు దాకా అదే. అది ప్లాస్టిక్‌లో కుదురుగా ఉండదు, రక్తంలోకి దిగుతుంది. హార్మోన్ల మీద, ముఖ్యంగా మగపిల్లల పునరుత్పత్తి అవయవాల ఎదుగుదల మీద దాని ప్రభావం గురించి ఏళ్లుగా ఆందోళన ఉంది. మార్చేద్దామని డీఈహెచ్‌పీ లేని బ్యాగుల్లో ఎర్రకణాలు నిల్వ చేసి చూస్తే, అవి ఎక్కువగా పగిలిపోయాయి! ఆ పదార్థం ఎర్రకణాల పొరలోకి చేరి దాన్ని బలపరుస్తోందని అప్పుడు తెలిసింది. ఎవరూ అనుకుని చేసింది కాదు, దశాబ్దాలుగా మన నిల్వ గడువులన్నీ ఒక కల్తీ చేస్తున్న ఉపకారం మీద ఆధారపడి నడిచాయి. యూరప్ 2030 తర్వాత దీన్ని వైద్య పరికరాల్లో వద్దంటోంది, కాబట్టి ఇప్పుడు ప్రత్యామ్నాయ ప్లాస్టిక్‌లు, వాటికి తోడు కణాన్ని మరింత బాగా కాచే కొత్త ద్రావణాల కోసం వెతుకులాట నడుస్తోంది.

రేడియేషన్ ఇచ్చిన రక్తం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాసెసింగే ఉద్దేశపూర్వకంగా కణాన్ని దెబ్బతీస్తుంది. రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లకి, దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) రోగి ఒంట్లో స్థిరపడి దాడి చేయకుండా, ఎక్కించే రక్తానికి 25 గ్రే (రేడియేషన్ కొలమానం) మోతాదులో రేడియేషన్ ఇస్తారు. ఆ దాడి అరుదు గానీ వచ్చిందంటే దాదాపు ప్రాణాంతకమే, కాబట్టి రెండో ఆలోచన లేదు. కానీ ఎర్రకణం పొర కూడా దెబ్బ తింటుంది, పొటాషియం కారడం బాగా పెరుగుతుంది, గడువు తగ్గించాల్సి వస్తుంది. పసిపిల్లలకి పెద్ద మోతాదులో ఎక్కించేటప్పుడు రేడియేషన్ ఇచ్చిన 24 గంటల్లోపే వాడాలనేది అందుకే.

దీనికి కిటికీ దగ్గరి ప్రశ్నకి నేరుగా సంబంధం ఉంది. చాలామంది "మా తమ్ముడి రక్తమే తీసి వెంటనే మా నాన్నకి ఎక్కించండి, అది తాజాది, మాదే" అంటారు. ప్రేమతో అడిగేదే. కానీ దగ్గరి రక్తసంబంధం ఉన్నప్పుడే ఆ లింఫోసైట్ల దాడి ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే కణజాల గుర్తులు కొంత కలిసిపోయి రోగి ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తించదు, తరిమెయ్యదు. పైగా తాజా రక్తంలో లింఫోసైట్లు బతికి చురుగ్గా ఉంటాయి. సొంతవాళ్ల రక్తం ఇవ్వాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చే తీరాలి. తాజాదనం, సొంతదనం అనే రెండు మంచి గుణాలు కలిసి ఇక్కడ ప్రమాదాన్ని పెంచుతున్నాయి.

కణాలని కడగడం, చలిలో మంచులా గడ్డకట్టించి దాచడం కూడా ఉన్నాయి. సెలైన్‌తో కడిగితే ప్లాస్మా ప్రోటీన్లు, పొటాషియం పోతాయి, తీవ్రమైన అలర్జీలు ఉన్నవాళ్లకి అది వరం, కానీ కొన్ని ఎర్రకణాలు కూడా కాలవలోకి పోతాయి, మామూలు పద్ధతిలో కడిగినది 24 గంటల్లో వాడేయాలి. 40 శాతం గ్లిజరాల్ కలిపి మైనస్ 65 డిగ్రీల కింద పెడితే పదేళ్లు ఉంటుంది, కరిగించి గ్లిజరాల్ తీసే పని మాత్రం తలనొప్పి. అరుదైన గ్రూపులకి తప్ప ఎవరూ ఆ జోలికి పోరు.

సరే, ఇన్ని నష్టాలున్నాయి కదా, రోగుల సంగతేంటి? 2008లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది, సుమారు ఆరువేల మంది గుండె ఆపరేషన్ రోగుల పాత రికార్డులు తీసి చూస్తే, రెండు వారాలు దాటిన రక్తం పొందినవాళ్లలో మరణాలు, సమస్యలు ఎక్కువ కనబడ్డాయి. పెద్ద టెన్షన్ మొదలైంది. కొత్త రక్తమే ఇవ్వాలంటే నిల్వలు ఎక్కడ సరిపోతాయి? కానీ ఇలాంటి రికార్డుల లెక్కల్లో ఒక మెలిక ఉంటుంది. పరిస్థితి విషమించిన రోగికి ఎక్కువ బ్యాగులు పడతాయి, బ్యాగులు పెరిగేకొద్దీ వాటిలో ఒక్కటైనా పాతది ఉండే అవకాశం పెరుగుతుంది. అప్పుడు పాత రక్తం వల్ల పోయాడా, విషమించడం వల్ల పాత రక్తం పడిందా? గణాంకాలతో సర్దవచ్చు, పూర్తిగా విడదీయడం కష్టం.

అందుకని రోగులని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి కొత్తది, ఒకరికి మామూలుగా వచ్చేది ఇచ్చి చూశారు. ఐసీయూ రోగుల మీద 2015లో వచ్చిన ఏబుల్ ట్రయల్‌లో సుమారు 2,400 మంది. సగటున 6 రోజుల రక్తం పొందినవాళ్లలో 90 రోజుల్లో 37 శాతం, 22 రోజుల రక్తం పొందినవాళ్లలో 35.3 శాతం చనిపోయారు, ఆ తేడా యాదృచ్ఛికంగా రాగలిగినంతే. 2016లో ఇన్‌ఫార్మ్ ట్రయల్, ఇరవై వేల మందికి పైగా ఆసుపత్రి రోగులు, కొత్త రక్తం వైపు 9.1 శాతం, పాత రక్తం వైపు 8.7 శాతం మరణాలు. 2017లో ట్రాన్స్‌ఫ్యూజ్, దాదాపు అయిదు వేల మంది, కొత్త రక్తం వైపు 24.8 శాతం, పాత రక్తం వైపు 24.1 శాతం. గుండె ఆపరేషన్ల మీద చేసిన రీసెస్‌లోనూ తేడా లేదు, నెలలు నిండని పిల్లల మీద కెనడాలో చేసిన దాంట్లోనూ లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఉగాండాలో చేసిన టోటల్ ట్రయల్. తీవ్ర రక్తహీనతతో, లాక్టిక్ ఆమ్లం పెరిగిపోయి, అంటే ఆక్సిజన్ అందక అల్లాడుతున్న 290 మంది పిల్లలకి, 10 రోజుల లోపుదో, 25 నుంచి 35 రోజులదో ఇచ్చారు. 2,3-డీపీజీ లేని పాత రక్తం ఎక్కడైనా ఓడిపోవాలంటే ఇక్కడే ఓడిపోవాలి. ఓడిపోలేదు, లాక్టేట్ రెండు వైపులా ఒకేలా దిగింది.

దీన్నిబట్టి నిల్వ నష్టం కట్టుకథ అనుకోవద్దు. ఈ ట్రయల్స్‌లో పాత రక్తం అంటే చాలావరకు మూడు వారాల చుట్టుపక్కలది. చివరి వారం, 35 నుంచి 42 రోజుల మధ్యదాన్ని ఇవి గట్టిగా పరీక్షించలేదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి వాళ్ల రక్తమే వేర్వేరు వారాల తర్వాత తిరిగి ఎక్కించి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆరో వారం రక్తం ఎక్కినవాళ్ల ప్లీహం, కాలేయాల్లో కణాల విచ్ఛిన్నం ఒక్కసారిగా పెరిగింది, రక్తంలో తేలే ఇనుము కూడా పెరిగింది. గడువుని 35 రోజులకి తగ్గిస్తే మంచిదని ఆ పరిశోధకులే అన్నారు. నేనూ ఆ పక్షమే. నిల్వలు సరిపోయే చోట చివరి వారాన్ని వదులుకోవడంలో నష్టం కనబడదు, సరిపోని చోట మాత్రం 40వ రోజు రక్తం వద్దని పారబోసి రోగిని రక్తం లేకుండా ఉంచడం కంటే తెలివితక్కువ పని ఉండదు.

ఇంతకీ నిజంగా తాజా రక్తం ఎవరికి కావాలి? పసిపిల్లల రక్తాన్ని తీస్తూ వేరేది ఎక్కించే రక్తమార్పిడికి, వాళ్లకి పెద్ద మోతాదులో వేగంగా ఎక్కించాల్సి వచ్చినప్పుడు, సాధారణంగా 5 నుంచి 7 రోజుల లోపుది. జీవితాంతం నెలనెలా ఎక్కించుకునే తలసేమియా పిల్లలకి కూడా వీలైనంత కొత్తదైతే కణాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి, మళ్లీ ఎక్కించాల్సిన రోజు వెనక్కి జరుగుతుంది, ఒంట్లో చేరే ఇనుము తగ్గుతుంది. మిగతావాళ్ల విషయంలో తేదీ కంటే ముందు అడగాల్సింది తెల్లకణాలు తీసిందా అని.

బ్యాగు ఫ్రిజ్ దాటి బయటికి వెళ్లాక జరిగేది నా చేతిలో లేదు, కానీ నేను ఒంటికాలి మీద లేచేది మాత్రం అక్కడే. ఆరు రోజుల రక్తం ఏరికోరి పట్టుకెళ్లి వార్డు టేబుల్ మీద రెండు గంటలు వదిలేస్తే ఆ ఏరడం దేనికి? బయటికి తీసిన అరగంటలో మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక నాలుగు గంటల్లో ముగించాలి. వార్డులో మందుల ఫ్రిజ్‌లో, అదీ ఫ్రీజర్ అరకి ఆనించి పెడితే, గ్లిజరాల్ లేకుండా గడ్డకట్టిన కణాలు మంచుముక్కల దెబ్బకి పగిలిపోతాయి. త్వరగా వెచ్చబడాలని వేడినీళ్లలో ముంచినా అదే గతి. అదే ట్యూబులో డెక్స్ట్రోజ్ కలిపితే కణాలు ఉబ్బి పగులుతాయి, రింగర్ లాక్టేట్ కలిపితే అందులోని కాల్షియం సిట్రేట్‌ని ఓడించి రక్తం గడ్డకట్టొచ్చు. నార్మల్ సెలైన్ ఒక్కటే. ఇలాంటి ఒక్క పొరపాటుతో అయిదు నిమిషాల్లో జరిగే నష్టం ఆరు వారాల నిల్వలో కూడా జరగదు. ఇంకోటి, బ్యాగుకి వేలాడే చిన్న ట్యూబు ముక్కల్లో ఎర్రటి ద్రవం కనబడిందని బ్యాగు తిప్పి పంపేవాళ్లున్నారు, ఆ ముక్కల్లో కణాలు బ్యాగులో కంటే ఎక్కువగా పగులుతాయి, దాన్ని చూసి బ్యాగుని అంచనా వేయలేం. బ్యాగులోనే రంగు మారినా, గడ్డలు కనబడినా మాత్రం తప్పకుండా వెనక్కి పంపండి, అది బ్యాక్టీరియా కావచ్చు. యెర్సీనియా లాంటివి ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతాయి.

ఈ మధ్య పరిశోధన అంతా దాత వైపు తిరుగుతోంది, నాకు ఆసక్తిగా ఉన్నదీ అదే. ఒకే రోజు, ఒకే పద్ధతిలో తీసి ఒకే ఫ్రిజ్‌లో పెట్టిన రెండు బ్యాగుల్లో ఒకటి 42వ రోజున కూడా బాగుంటుంది, ఒకటి మూడో వారానికే నీరసపడుతుంది. అదే దాత మళ్లీ ఇచ్చినా అదే తీరు. అమెరికాలో వేలమంది దాతల మీద చేసిన పనిలో ఆడవాళ్ల రక్తంలో కణాలు తక్కువ పగులుతాయని తేలింది. కణాన్ని ఆక్సీకరణ నుంచి కాచే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ల కణాలు ఆక్సీకరణని తట్టుకోలేక ఎక్కించాక త్వరగా పోతాయి, మామూలుగా దాతలకి ఆ పరీక్ష చేయరు. ముందు ముందు తీసిన తేదీతోపాటు బ్యాగులోని జీవక్రియ ఎంత ముసలిదైందో చెప్పే కొలత కూడా వాడాలని కొందరు అంటున్నారు. మరోవైపు, నష్టానికి మూలం ఆక్సీకరణ అయినప్పుడు ఆక్సిజన్‌నే ముందు తీసేసి నిల్వ చేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఉంది, దానితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా తీస్తే పీహెచ్ పడిపోకుండా 2,3-డీపీజీ కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది. అలాంటి బ్యాగుకి 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, గడువు మాత్రం దానికీ 42 రోజులే.